పొడిని పొడిగా ఉంచు

జర ఆగు పిలగా, ఆ సంచికి కత్తి పెట్టకు.
దారం కొస యాడున్నదో చూడు,
గుంజితే కుట్టు దానంతటదే ఊడుతది.
కత్తితోని కోస్తే పొగ లెక్క లేస్తది,
నీ ముక్కుకు తొవ్వ దానికి బాగ ఎరుక.

ఖగేశ్వర్ అంటివి గదా పేరు?
కలహండి నుంచి సికింద్రాబాద్ దాక రైలు,
ఆడికెల్లి జీడిమెట్లకు బస్సు.
వచ్చిన కాన్నుంచి వంద మంది వంద మాటలు చెప్పి ఉంటరు.
నాది ఒక్కటి యాదుంచుకో:
పొడిని పొడిగా ఉంచు.

మా భాషల గమ్మత్తున్నది.
పిండి లెక్కున్నదానికీ, తడి లేనిదానికీ ఒకటే మాట.
మీ భాషల ఏమంటరో నాకు తెల్వదు.
గా గోడ మీద బొగ్గుతోని మీ లిపిల రాయి,
హిందీ పక్కన జాగ ఇడిసిపెట్టిన.
సంచి మీద ఇంగ్లీషుల రాసిందంత
చదివెటోళ్ళు ఈ షెడ్డులకు రారు.

సోడియం మెటాబైసల్ఫైట్.
నోరు తిరగకుంటే ‘మెటా’ అను, అందరం గంతే అంటం.
చూస్తే చక్కెర, లేకుంటే బొంబాయి రవ్వ.
మొదటి దినం నేను
ఉప్మాకు పనికొస్తదని నవ్విన.

చెడ్డదని చెప్తలేను.
బట్టల మిల్లుల బ్లీచింగు ఘాటు పోగొడ్తది,
తోళ్ళ కార్ఖానకు పోతది, నీళ్ళ ప్లాంటుకు పోతది,
కొలిచి వాడితే కిస్‌మిస్ నల్లబడకుండ కాస్తది.
తడి తగిలితే మాత్రం గునుస్తది.
ఆసిడ్ తగిలితే రేగుతది.
అగ్గిపుల్ల గీయంగనే ముక్కును గిచ్చే ఘాటు లేదా,
ఆ గిచ్చుడు ఆగకుండ, అర్రంత నిండి.
అందుకే ఆసిడ్ డబ్బాలు ఆ కొస షెడ్డుల,
ఇది ఈ కొసకు,
మాటల్లేని పాలోళ్ళ లెక్క.
నడుమ నేను, నా ఇనుప కుర్సీ.

ముత్యాలు అని ఒకడుండె.
కండ్లు మూసుకొని వాసనతోని సరుకు చెప్పెటోడు:
ఇది థిన్నరు, ఇది అమ్మోనియా, ఇది డాంబరు గోలీలు.
మేమంత చప్పట్లు కొట్టెటోళ్ళం.
ఒక ఆషాఢం, బోనాలకు వారం ముందు,
రాత్రంత రేకు కారింది
పదమూడో వరుస మీద, చుక్క చుక్క.
తెల్లారెటాల్లకు సంచి గడ్డకట్టింది.
ముత్యాలు వంగి, మూతి విప్పి, పీల్చిండు,
ఎప్పటి లెక్కనే, నవ్వుకుంటనే.

చిన్నప్పటికెల్లి ఉబ్బసమున్నదని వాడు చెప్పలే.
మేము అడగలే.
ఫారంల ఆ గడి ఖాళీ.

ఆటోల ఎర్రగడ్డ దవాఖానకు తీస్కపోతుంటే
ఈల లెక్క ఊపిరి.
బాలానగర్ సిగ్నల్ కాడ
ఆ ఈల కూడ ఇనబడలే.

బతికిండు, బుగులు పడకు.
షాపూర్‌నగర్ల మల్లెపూలు అమ్ముతడు ఇప్పుడు.
మూర కొలిచేటప్పుడు చూడు,
పూలను చెయ్యి చాపి దూరంగ పట్టుకుంటడు.

దస్తీ కట్టుకునుడు మాస్కు గాదు.
గా డబ్బల ఉన్నది మాస్కు, మొకానికి అంటుకోవాలె.
గ్లౌజులు చిరిగితే నాకు చెప్పు, దాచకు.
కింద పడితే పైపు పట్టకు,
పొడి చీపురుతోని మెల్లగ, లేపకుండ ఎత్తు.
కంట్ల పడితే మాత్రం ఉరుకు,
నల్ల కింద పావుగంట, రెప్పలు ఇప్పి పట్టుకొని,
ఆనెంక దవాఖాన.
సంచికి నీళ్ళు పగ, కంటికి నీళ్ళే మందు.
పొద్దుగాల వస్తే ముందు తలుపులు బార్లా తీసి
బయట నిలబడి ఒక చాయ్ తాగు.
లోపలి గాలికి కూడ తెల్లారాలె.

ఇగ చెప్పు. ఆయాసమున్నదా నీకు?
మెట్లెక్కితే, చలికాలం, రాత్రిపూట?
సిగ్గుపడకు.
ఉన్నదంటే పని పోదు, లేబుళ్ళు అతికే కాడ ఏస్త.
ఆ గడి నేనే నింపుతున్న, నా కలంతోని.

ఏంది, పైకి చూస్తున్నవు?
అవు. గా రేకే. మేకు కాడ.
సేటుకు నాలుగుసార్లు చెప్పిన,
వానలు పోనీ అండాలూ అన్నడు.
మొయిలు పట్టింది మళ్ళ.
గా బకెట్టు ఇయ్యాల నువ్వు మార్చు.